ఏడవనిచ్చే చోటు: విశాఖ పాతనగరంలో జరిగే ఒక ఆదరణ కూడికపై సమీక్ష

విశాఖపట్నం పాతనగరంలోని ఒక ప్రొటెస్టెంటు సంఘం, ఇంట్లో మరణం సంభవించిన కుటుంబాల కోసం ప్రతి శనివారం సాయంత్రం ఒక ఆదరణ కూడిక నడుపుతోంది. నేనూ మా అత్తయ్యగారూ కొంతకాలంగా దానికి వెళ్తున్నాం. మంచి ఆసుపత్రి ఎక్కడుందో, భోజనాలు ఎవరికి అప్పజెప్పాలో, సమాధి రాయి ఎవరు చక్కగా చెక్కుతారో ఒకరినొకరు అడిగి తెలుసుకునే మనం, సమాధి కార్యక్రమం ముగిసి బంధువులంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయాక ఎక్కడికి వెళ్లి కూర్చోవాలో మాత్రం ఎవరినీ అడగం. అడగాలని కూడా తోచదు. అందుకే ఈ సేవ ఎలా నడుస్తుందో, అందులో ఏది బాగుందో, ఏది బాగులేదో వివరంగా రాయాలనిపించింది. సంఘం పేరు మాత్రం రాయడం లేదు. తాము అక్కడికి వస్తున్న సంగతి తమ వీధిలో తెలియడం ఇష్టంలేనివారు కొందరు ఉన్నారు, నిర్వాహకులు కూడా పేరు బయట పెట్టవద్దని కోరారు. ఈ నగరంలో ఇంకా కొన్ని సంఘాల్లో ఇటువంటి కూడికలు ఉన్నాయి కాబట్టి, ఇది చదివినవారు తమకు దగ్గరలోని కూడికను ఎలా చూసి ఎంచుకోవాలో తెలుసుకుంటే నా ఉద్దేశం నెరవేరినట్టే.

మా సంగతి క్లుప్తంగా చెబుతాను. నా భర్త ఒక రాత్రి డ్యూటీ నుంచి ఇంటికి వచ్చి, భోజనం చేసి, గుండెపోటుతో చనిపోయారు. అత్తయ్యగారికి ఆయన ఒక్కడే కొడుకు. అప్పటి నుంచి ఒకే ఇంట్లో ఒకే మనిషి కోసం ఇద్దరం ఏడుస్తూ, ఒకరి ఏడుపు ఇంకొకరికి వినబడకుండా జాగ్రత్తపడుతూ బతికాం. ఆమె నా కోసం ధైర్యం నటించారు, నేను ఆమె కోసం నటించాను. మా బంధువుల్లో క్రైస్తవులూ హిందువులూ ఉన్నారు, అందరూ ప్రేమతోనే వచ్చారు. అయితే ఒకరు ఏడిస్తే ఆయన ఆత్మకు శాంతి ఉండదన్నారు, మరొకరు విశ్వాసులు అతిగా ఏడిస్తే నలుగురిలో వారి విశ్వాసానికి సాక్ష్యం చెడిపోతుందన్నారు. రెండు మాటలూ వేర్వేరు నమ్మకాల నుంచి వచ్చినా మా ఇంట్లో చేసిన పని ఒక్కటే. జ్ఞాపకార్థ కూడిక రోజున షామియానా కింద మైకు ముందు మాట్లాడినవారిలో ఎక్కువమంది నన్ను ధైర్యంగల సహోదరి అని మెచ్చుకున్నారు, ఆ మెచ్చుకోలు విన్న తరువాత నలుగురిలో కన్నీళ్లు పెట్టుకునే ధైర్యం నాకు లేకపోయింది.

ఈ ఆదరణ కూడిక గుడి వెనుక భాగంలో మేడమీది గదిలో జరుగుతుంది. ఆదివారాల్లో అది సండే స్కూలు గది, అందుకే గోడలకు పిల్లలు రంగులు వేసిన నోవహు ఓడ, గొర్రెపిల్లల బొమ్మలు అతికించి ఉంటాయి. వరండాలోకి వస్తే రాస్ హిల్ మీది మరియమాత గుడి, పక్క కొండల మీద దర్గా, వేంకటేశ్వరస్వామి ఆలయం కనబడతాయి, రేవులో ఓడ కూత వినబడుతుంది. ప్లాస్టిక్ కుర్చీలు వలయంగా వేస్తారు. ప్రసంగ వేదిక ఉండదు, మైకు ఉండదు. కూడికను నడిపేది పాస్టరుగారు కాదు, ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరైన ఒక నర్సు. ఆమెను అందరూ సిస్టరమ్మగారు అని పిలుస్తారు. ఆమె స్వయంగా ఎదిగిన బిడ్డను పోగొట్టుకున్న తల్లి. పాస్టరుగారు అప్పుడప్పుడూ వచ్చి మాలో ఒకరిగా కూర్చుని వెళ్తారు. ఈ ఏర్పాటు కావాలని చేసిందేనని తరువాత తెలిసింది. పాస్టరుగారు ముందు కూర్చుంటే జనం ఆయనకు నచ్చే మాటలే మాట్లాడతారని సంఘ పెద్దలు ముందుగానే ఆలోచించారట.

మొదట తాళాలూ తబలాలూ లేకుండా, పాత కీర్తనల పుస్తకంలోంచి ఒక కీర్తన తగ్గు స్వరంలో పాడతారు. తరువాత ఒక్కొక్కరు తాము పోగొట్టుకున్న మనిషి పేరు, ఆ మనిషి తమకు ఏమవుతారో మాత్రం చెబుతారు. చెప్పలేనివారు తల ఊపితే చాలు, పక్కవారి వంతు వస్తుంది. ఆ తరువాత బైబిలులోని ఒక వాక్యభాగాన్ని ఇద్దరు వేర్వేరుగా, నెమ్మదిగా, రెండుసార్లు చదువుతారు. కొంతసేపు మౌనం. ఆ మౌనం ఎంతసేపని ఎవరూ గడియారం చూడరు. పిమ్మట ఎవరికి మాట్లాడాలనిపిస్తే వారు మాట్లాడతారు. చివర యేసు నేర్పిన పరలోక ప్రార్థన, ఆ తరువాత టీ, బిస్కెట్లు. కానుక పెట్టె ఎక్కడా కనబడదు.

ఈ మొత్తంలో ఒక నియమం ఉంది, ఈ కూడిక విలువంతా దాని మీదే నిలబడిందని నా అభిప్రాయం. ఎవరు ఏం మాట్లాడినా, దానికి జవాబుగా ఎవరూ సలహా ఇవ్వకూడదు, వాక్యం ఎత్తి చెప్పకూడదు, తమకు జరిగినదానితో పోల్చకూడదు. కొత్తవారు వచ్చినప్పుడల్లా సిస్టరమ్మగారు ఈ నియమాన్ని చెప్పి, దాని ఆధారం కూడా చెబుతారు. యోబు గ్రంథంలో పిల్లలనూ ఆస్తినీ ఒక్క రోజున పోగొట్టుకున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వస్తారు. వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో కూడా నేలమీద కూర్చుంటారు, అతని బాధ అంత ఎక్కువని చూసి ఒక్కరూ ఒక్క మాటా పలకరు. అంతవరకు వారు మంచి స్నేహితులే. నోరు విప్పి, నీవేదో తప్పు చేసి ఉంటావని కారణాలు వెదకడం మొదలుపెట్టిన దగ్గర్నుంచే వారు అతనికి భారమయ్యారు, గ్రంథం చివర దేవుడు కోపపడింది కూడా ఆ స్నేహితుల మీదే. నేను చిన్నప్పటి నుంచి యోబు సహనం గురించిన ప్రసంగాలు ఎన్నో విన్నాను గాని, ఆ ఏడు దినాల మౌనం గురించి ఎవరైనా ఆగి మాట్లాడగా వినడం ఈ గదిలోనే.

వాక్యభాగాల ఎంపిక కూడా చెప్పుకోదగినది. మన ఇళ్లలో మరణం జరిగినప్పుడు సాధారణంగా చదివేది 23వ కీర్తన, లేదా ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలో దేవుడు ప్రతి బాష్పబిందువునూ తుడిచివేస్తాడన్న భాగం. అవి ఇక్కడా చదువుతారు, కాని వాటి కంటే ముందు మొర పెట్టే కీర్తనలు చదువుతారు. బైబిలులోని 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఇలాంటివే. ఎంతకాలం నన్ను మరచిపోతావు అని దేవుణ్ణి నిలదీసే 13వ కీర్తన, యేసు సిలువ మీద పలికిన మాటతో మొదలయ్యే 22వ కీర్తన, చివరి వరకు చీకటిలోనే ఉండి చీకటి మాటతోనే ముగిసిపోయే 88వ కీర్తన వాటిలో ఉన్నాయి. 88వ కీర్తన చదివిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. మిగిలిన మొర కీర్తనలు చాలావరకు చివరికొచ్చేసరికి స్తుతివైపు తిరుగుతాయి, ఇది తిరగదు. అయినా అది పరిశుద్ధ గ్రంథంలో ఉంది, ఎవరూ దాన్ని తీసివేయలేదు, తరతరాల భక్తులు దాన్ని ప్రార్థనగా చదివారు. ఇంకా స్తుతించే స్థితికి రాని మనిషి కూడా దేవుని ఎదుట నిలబడవచ్చునని దానివల్ల నాకు అర్థమైంది. అంతకు ముందు నేను ప్రార్థన మానేసి ఉన్నాను, ఎందుకంటే నా దగ్గర ఉన్న మాటలు ప్రార్థనకు పనికిరావని అనుకున్నాను.

యోహాను సువార్త 11వ అధ్యాయం చదివిన విధానం కూడా నాకు కొత్తగా ఉంది. మార్త, మరియల సహోదరుడైన లాజరు చనిపోయి సమాధిలో నాలుగు దినాలైన తరువాత యేసు వారి ఊరు బేతనియకు వస్తాడు. మార్త ఎదురు వెళ్లి, నీవు ఇక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాడని అంటుంది. కాసేపటికి మరియ వచ్చి అదే మాట అంటుంది. అక్కచెల్లెళ్లు ఇద్దరిదీ ఒకే ఫిర్యాదు. అయితే మార్తకు ఆయన పునరుత్థానం గురించి మాట ఇచ్చాడు, మరియ దగ్గర మాత్రం కన్నీళ్లు విడిచాడు. కొన్ని నిమిషాల్లో లాజరును లేపబోతున్నానని తెలిసినవాడు కూడా ఆ ఇంటివారి ముందు ఏడ్చాడంటే, నిరీక్షణ ఉన్నవాళ్లు ఏడవకూడదన్న మాటకు ఇక చోటెక్కడ? అపొస్తలుడైన పౌలు కూడా థెస్సలొనీక సంఘంవారికి రాసిన పత్రికలో దుఃఖపడవద్దని రాయలేదు, నిరీక్షణలేని ఇతరులవలె దుఃఖపడవద్దని రాశాడు. ఈ తేడాను మా బంధువుల్లో ఒక్కరైనా ఆ మొదటి వారాల్లో గుర్తుంచుకుని ఉంటే, మా ఇద్దరికీ ఆ రోజులు మరోలా గడిచేవి.

ఇక అత్తయ్యగారి సంగతి. ఆమె మొదట్లో నాకు తోడుగా మాత్రమే వచ్చేవారు. తన వంతు వచ్చినప్పుడు తల ఊపేవారు, మాట వచ్చేది కాదు. ఒక శనివారం రూతు గ్రంథం మొదటి అధ్యాయం చదివారు. కరువుకు భయపడి పరదేశానికి వెళ్లి, అక్కడ భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకుని, విధవరాలైన కోడలితో బేత్లెహేముకు తిరిగి వచ్చిన నయోమి కథ అది. మా పరిస్థితికి అతి దగ్గరగా ఉన్న భాగం కావడంతో నేను తల వంచుకుని కూర్చున్నాను. ఊరి స్త్రీలు పలకరించడానికి వస్తే నయోమి మర్యాద మాటలేవీ చెప్పదు. తాను నిండుగా వెళ్లాననీ, దేవుడు తనను వట్టి చేతులతో తిరిగి రప్పించాడనీ, సర్వశక్తుడు తనను బాధపెట్టాడనీ నలుగురి ముందు అంటుంది. రెండోసారి చదవడం పూర్తయ్యాక మౌనంలో అత్తయ్యగారు చీర కొంగును వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నారు. తరువాత, ఎవరి వైపూ చూడకుండా, "ఆవిడ కూడా నాలాగే దేముడి మీద కోపడ్డాదమ్మా" అన్నారు. తరువాత కొడుకు పేరు చెప్పారు. ఆయన చనిపోయిన తరువాత ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు. ఎవరూ ఏమీ అనలేదు. పక్కన కూర్చున్న ఒక ముసలాయన తన చేతి రుమాలు తీసి ఆమె ఒడిలో పెట్టారు, అంతే. ఆ రాత్రి ఇంటికి వెళ్లాక మేమిద్దరం ఒకే గదిలో, ఒకరి ముందు ఒకరం ఏడ్చాం.

కొందరు చదువరులు దీన్ని చిన్న విషయం అనుకోవచ్చు. ఆ రోజు తరువాతనే అత్తయ్యగారు సరిగ్గా భోజనం చేయడం మొదలుపెట్టారు, మళ్లీ ఆదివారం ఆరాధనకు వచ్చారు. దేవునితో కోపంగా ఉన్నానని చెప్పుకున్న తరువాత ఆమెకు దేవుని దగ్గరికి రావడం సులువైంది. నయోమిని ఆ మాట అన్నందుకు గ్రంథంలో ఎవరూ గద్దించరు. కథ ముందుకు సాగుతుంది, కోతకాలం వస్తుంది, చివరికి ఆమె ఒడిలో ఒక బిడ్డ ఉంటాడు. ఆ బిడ్డ దావీదు రాజుకు తాత. అయితే సిస్టరమ్మగారు ఆ సాయంత్రం చివరి అధ్యాయం దాకా వెళ్లలేదు, మొదటి అధ్యాయం దగ్గరే ఆపారు. ఆపడం తెలిసిన నాయకురాలు ఉండటం ఈ కూడికకు దక్కిన పెద్ద భాగ్యం.

ఈ గదిలోకి వచ్చే దుఃఖాలన్నీ ఒకే రకానివి కావు. కరోనా కాలంలో, ముఖ్యంగా 2021 వేసవిలో, కన్నవారి ముఖం కూడా సరిగా చూడకుండా సాగనంపాల్సి వచ్చినవారు ఇంకా వస్తున్నారు, వారికి జరగని సమాధి కార్యక్రమమే ఇప్పటికీ గాయం. మత్స్యకార కుటుంబం నుంచి వచ్చే ఒక తల్లి ఉన్నారు. ఆమె కొడుకు వేటకు వెళ్లి తిరిగి రాలేదు, శరీరం దొరకలేదు. ఏడేళ్లపాటు ఏ కబురూ లేకపోతేనే మనిషి మరణించినట్టు చట్టం భావిస్తుంది కాబట్టి, ఆమెకు కాగితం మీద కూడా కొడుకు చనిపోలేదు. అలాంటి తల్లికి ధైర్యం చెప్పే మాట ఏదీ లేదు. సంఘం ఆమె కోసం చేసిన పని మాత్రం నాకు నచ్చింది. నవంబరు 2న సమాధుల పండుగనాడు అందరూ సమాధుల తోటకు వెళ్లి, రాళ్లు కడిగి, పూలు పరచి, కొవ్వొత్తులు వెలిగిస్తుండగా, ఆమెకు వెళ్లడానికి సమాధి లేదని గుర్తుంచుకుని, కొందరు ఆమెతో కలిసి సముద్రం ఒడ్డుకు వెళ్లి ప్రార్థన చేసి వచ్చారు.

వచ్చేవారంతా ఒక్క సంఘంవారూ కాదు. ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక) వారు, లూథరన్లు, బాప్టిస్టులు, పెంతెకొస్తు విశ్వాసులు ఉంటారు, మా పక్క వీధి నుంచి ఒక హిందూ సోదరి కూడా వస్తారు. చనిపోయినవారి కోసం ప్రార్థించవచ్చా అన్న విషయంలో కతోలికులకూ ప్రొటెస్టెంట్లకూ ఏకాభిప్రాయం లేదు. ఆ చర్చ ఒకసారి మొదలవబోయింది. సిస్టరమ్మగారు దాన్ని ఆపి, మీ మీ గుళ్లలో నేర్పినట్టు ఇంట్లో ప్రార్థించుకోండి, ఇక్కడ మాత్రం బతికున్న మన కోసం ప్రార్థిద్దాం అన్నారు. ఇంతకంటే తెలివైన పరిష్కారం నాకైతే తోచలేదు. ఆ హిందూ సోదరిని మతం మారమని ఎవరూ అడగగా నేను వినలేదు. ఆమె కీర్తన పాడేటప్పుడు మౌనంగా ఉంటారు, తమ్ముడి పేరు చెప్పేటప్పుడు మాత్రం గొంతు విప్పుతారు.

సందర్భం వచ్చింది కాబట్టి ఈ ఊరి చరిత్రలోని ఒక విషయం చెప్పాలి, దీన్ని కూడా నేను ఆ గదిలోనే విన్నాను. లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు 1805లో విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే క్రైస్తవుని సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో చనిపోయారు, తోటివాణ్ణి పోగొట్టుకున్న డెస్ గ్రాంజెస్ పని కొనసాగించి, ఆ మరుసటి సంవత్సరమే తానూ కన్నుమూశారు. వారు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేటప్పటికి ఇద్దరూ లేరు. దుఃఖపడువారు ధన్యులు, వారు ఓదార్చబడుదురు అన్న మాట మత్తయి సువార్తలోనిది. దాన్ని మన భాషలోకి తేవడానికి తొలినాళ్లలో కూర్చున్నవారిలో ఇద్దరు ఈ ఊళ్లోనే ఆ పని చేశారని, ఒకరు పోయినా రెండోవారు దుఃఖంలోనే దాన్ని కొనసాగించారని తెలిసిన తరువాత, ఆ వాక్యాన్ని నేను తేలికగా చదవలేకపోతున్నాను.

ఈ సేవలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరచిన మంచి లక్షణం, ప్రార్థన ఒక్కటే చాలునని వీరు చెప్పకపోవడం. మనిషి పోయిన తరువాత నెలల తరబడి నిద్ర లేకపోవడం, ఏ పనీ చేయలేకపోవడం, తానూ వెళ్లిపోవాలనిపించడం వంటివి ఉంటే వైద్యుని సాయం తప్పనిసరి అని సిస్టరమ్మగారు నర్సుగా తన అనుభవంతో అందరికీ చెబుతారు. ఎంతకూ సడలని దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలులోకి వచ్చిన తన వ్యాధుల వర్గీకరణలో ఒక ప్రత్యేక రుగ్మతగా చేర్చింది. కనీసం ఆరు నెలలు దాటి, రోజువారీ జీవితాన్ని స్తంభింపజేసినప్పుడే దాన్ని అలా గుర్తిస్తారు. మామూలు దుఃఖం జబ్బు కాదనీ, జబ్బుగా మారినప్పుడు మందు తీసుకోవడం అవిశ్వాసం కాదనీ ఆమె రెండూ స్పష్టంగా చెబుతారు. గది తలుపు పక్కన ఒక కాగితం మీద టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి ఉచిత నంబరు 14416 పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఈ సేవలో ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు చెబితేనే మన ఊళ్లో ముఖం తిప్పుకునేవారున్నారు. భార్యను పోగొట్టుకున్న ఒక యువకుణ్ణి సిస్టరమ్మగారు స్వయంగా వెంటబెట్టుకుని అక్కడి ఓపీకి తీసుకెళ్లారు. ఆ అబ్బాయి ఇప్పుడు మందులూ వాడుతున్నాడు, శనివారాలూ వస్తున్నాడు.

లోపాల గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. అన్నిటికంటే పెద్దది, ఒకసారి సిస్టరమ్మగారు ఊళ్లో లేనప్పుడు బయటి నుంచి వచ్చిన ఒక అతిథి బోధకునికి కూడికను అప్పజెప్పడం. ఆయన నియమం సంగతి తెలియకనో, తెలిసీ పట్టించుకోకనో ప్రసంగం మొదలుపెట్టి, విశ్వాసంతో ప్రార్థించి ఉంటే కొన్ని మరణాలు తప్పేవని అన్నారు. క్యాన్సరుతో పిల్లవాణ్ణి పోగొట్టుకున్న ఒక తల్లి ఆ మాటకు లేచి వెళ్లిపోయారు. ఆమె బిడ్డ మంచం పక్కన మోకాళ్ల మీద ఉండి రాత్రులు గడిపిన మనిషి. మరుసటి వారం సంఘ పెద్దలు ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగారు, బయటివారికి కూడికను అప్పజెప్పకూడదని నిర్ణయించారు. అది సరైన పనే, కాని ఆ తల్లి మళ్లీ రావడానికి చాలా కాలం పట్టింది. ఇలాంటి కూడిక నడిపే ఏ సంఘమైనా నాయకత్వం విషయంలో ఎంత జాగ్రత్త పడినా తక్కువే. నలిగిన మనసులతో వచ్చినవారి ముందు ఎవరిని నిలబెడుతున్నామో ముందే తెలుసుకోవాలి.

పురుషులు తక్కువగా వస్తారు, వచ్చినవారు కూడా తలుపు దగ్గరి కుర్చీల్లోనే కూర్చుంటారు. వారికి వేరుగా ఒక కూడిక పెడితే బాగుంటుందని నేను సూచించాను, ఇంకా ఏమీ జరగలేదు. పిల్లల కోసం ఏ ఏర్పాటూ లేదు, ఇది చిన్న లోపం కాదు. తండ్రినో తల్లినో పోగొట్టుకున్న పిల్లలు పెద్దవాళ్ల కుర్చీల వెనుక సెల్‌ఫోన్లు చూస్తూ కూర్చుంటారు, వాళ్లను ఎవరూ ఏమీ అడగరు. ఆదివారం అదే గదిలో కథలు చెప్పే సండే స్కూలు టీచర్లు శనివారం ఒక గంట కేటాయించలేరా అని నాకు అనిపిస్తుంది. పరిశుద్ధ గ్రంథం పాత అనువాదంలోనే చదవడం వల్ల కాలేజీ వయసు పిల్లలకు కొన్ని వాక్యాలు ఒక్కసారికి అందవు. నాకూ అత్తయ్యగారికీ ఆ పాత భాషే చెవికి ఇంపు, అయినా రెండోసారి చదివేటప్పుడైనా వాడుక భాషలోని అనువాదం చదివితే వాళ్లకు ఉపయోగం. కింది హాలులో అదే సమయానికి గాయక బృందం సాధన చేయడం వల్ల మౌన సమయంలో కీబోర్డు మోత పైకి వస్తుంది. వీటన్నిటికీ తోడు నిటారుగా ఉన్న మెట్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అవి నిజంగా పరీక్ష.

ఎవరికి ఇది పనికివస్తుంది, ఎవరికి రాదు అన్నది కూడా చెప్పాలి. మరణం జరిగి రోజులే అయినవారి కంటే, వచ్చేపోయేవారి సందడి తగ్గి ఇల్లు ఖాళీ అయినవారికి ఇది ఎక్కువ ఉపయోగమని నా అనుభవం. మొదటి రోజుల్లో మనిషికి కావలసింది వంట చేసి పెట్టేవారు, డెత్ సర్టిఫికెట్టుకూ పింఛను కాగితాలకూ తిరిగేవారు. ఆ పని బంధువులు, సంఘంవారు ఇంటికి వచ్చి చేయాలి. ఎందుకు ఇలా జరిగిందన్న ప్రశ్నకు జవాబు వెదుకుతూ వచ్చేవారికి ఇక్కడ జవాబు దొరకదు, ఇస్తామని వీరు చెప్పరు కూడా. నాకు ఇప్పటికీ ఆ జవాబు లేదు. నాకు దొరికింది వేరు. సిలువ మీద తానే ఎందుకు అని అడిగిన దేవునితో మళ్లీ మాట్లాడగలుగుతున్నాను, క్రీస్తు లేచాడు కాబట్టి నా భర్త కూడా లేస్తారన్న నమ్మకాన్ని గొంతు వణికినా ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో నిలబడి అందరితో కలిసి పలకగలిగాను. అత్తయ్యగారు ఆ రోజు నా చెయ్యి పట్టుకుని ఉన్నారు.

వెళ్లాలనుకునేవారికి కొన్ని వివరాలు. ముందుగా పేరు నమోదు చేసుకోనక్కర్లేదు, నేరుగా వెళ్లవచ్చు. రిజిస్టరులో పేరు, ఫోన్ నంబరు తప్ప ఏ సంఘమో, ఏ కులమో, బాప్తిస్మం పొందారో లేదో అడగరు. మధ్యలో లేచి వెళ్లిపోయినా ఎవరూ ఆపరు, ఒక వారం రాకపోతే మాత్రం సిస్టరమ్మగారి నుంచి ఫోను వస్తుంది. మీ సంఘంలోనే ఇలాంటిది ఉందేమో మీ పాస్టరుగారిని అడగండి, ఉంటే ఒకసారి వెళ్లి, అక్కడ మిమ్మల్ని మాట్లాడనిస్తున్నారా, మీ మాట పూర్తికాకుండానే వాక్యం చెప్పి మూయిస్తున్నారా అని గమనించండి. పాతనగరానికి జగదాంబ వైపు నుంచి ఆటోలు, సిటీ బస్సులు దొరుకుతాయి కాని, కూడిక ముగిసేసరికి చీకటి పడుతుంది కాబట్టి గాజువాక, మధురవాడ వైపు నుంచి వచ్చేవారు తిరుగు ప్రయాణానికి తోడు చూసుకోవడం మంచిది. వచ్చే నెల నుంచి గాయక బృందాన్ని పై గదికి పంపి, కూడికను కింది హాలులో జరపడానికి సంఘ పెద్దలు ఒప్పుకున్నారని సిస్టరమ్మగారు చెప్పారు. అది జరిగితే పెద్దవాళ్లకు మెట్ల బాధ తప్పుతుంది.